పొట్టిగా, సన్నగా ఉన్నవాళ్ళకు గర్భం తొలి మూడు నెలలు: బరువు, పొట్ట, ఒంట్లో మార్పులు

నా ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. మొదటిసారి నెల తప్పినప్పుడు నా బరువు 41 కిలోలు. ఆరో వారంలో ఒక సాయంత్రం లంగా బొందు విప్పితే నడుం చుట్టూ ఎర్రగా గీత పడి ఉంది. పొద్దున కట్టిన ముడే, రోజూ కట్టే చోటే. మర్నాడు తూకం చూసుకుంటే ముల్లు 41 దగ్గరే ఆగింది. ఆ వారమే మా పిన్ని "అప్పుడే ఇంత పొట్టేమిటే, కవలలా?" అంది. అదే వారం ఎదురింటావిడ "కడుపుతో ఉన్నదానిలా లేవు, తినడం లేదా ఏమిటి?" అంది.

చిన్న ఒళ్ళున్న అమ్మాయిలందరికీ ఈ రెండు మాటలూ తప్పవు. పొట్ట ఒక కథ చెబుతుంది, తూకం మరో కథ చెబుతుంది, చుట్టూ ఉన్నవాళ్ళు మూడోది చెబుతారు. ఏది దేనివల్ల జరుగుతుందో తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది. నేను డాక్టర్ని కాదు. రెండు కాన్పులు దాటినదాన్ని, అడిగి తెలుసుకునే అలవాటున్నదాన్ని. మీ ఒంటి సంగతి మీ డాక్టరు చెప్పిందే ఆఖరి మాట.

మొదటి పని: ఎత్తు, బరువు ఇవాళే రాసిపెట్టుకోండి

నెల తప్పిందని తెలిసిన వారంలోనే ఈ పని అయిపోవాలి. తర్వాత ఎన్ని కిలోలు పెరిగారన్న లెక్కంతా ఈ మొదటి తూకం మీదే నిలబడుతుంది. చాలామందికి ఈ అంకె ఉండదు. మూడో నెలలో ఆసుపత్రిలో తూచినప్పుడు "అంతకుముందు ఎంత ఉండేదానివి?" అని అడిగితే "నలభై, నలభై అయిదు ఉంటుందేమో" అంటారు. అరవై అయిదు కిలోల మనిషికి అటూ ఇటూ అయిదు కిలోల తేడా పెద్దది కాకపోవచ్చు. 41 కిలోల మనిషికి అదే తేడా లెక్కంతా తలకిందులు చేస్తుంది.

బరువు పొద్దున్నే, బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, టిఫిన్ తినకముందు చూడండి. ప్రతిసారీ అదే మిషన్, అలాంటి బట్టలే. బరువైన పట్టుచీరతో ఒకసారి, పల్చటి నైటీతో ఒకసారి తూచుకుంటే ఆ తేడానే మూడు నెలల పెరుగుదలంత ఉంటుంది. మిషన్‌ను గచ్చు మీద పెట్టండి, చాప మీద కాదు. ఎత్తుకు గోడకు ఆనుకుని, మడమలు గోడకు తగిలేలా నిలబడి, తల మీద పుస్తకం అడ్డంగా పెట్టించి పెన్సిల్ గీత గీయించుకోండి. పెళ్ళిచూపులప్పుడు చెప్పిన ఎత్తు ఇక్కడ పనికిరాదు.

ఇప్పుడు బరువును కిలోల్లో, ఎత్తును మీటర్లలో తీసుకుని, బరువును ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ వస్తుంది. నాది 41ని 1.47తో రెండుసార్లు భాగిస్తే దాదాపు 19. 18.5 కంటే తక్కువైతే బరువు తక్కువని లెక్క. ఎత్తు 145 సెం.మీ. ఉన్నవాళ్ళకు ఆ గీత 39 కిలోల దగ్గర, 150 సెం.మీ. ఉన్నవాళ్ళకు 41.6 దగ్గర, 155 ఉన్నవాళ్ళకు 44.4 దగ్గర పడుతుంది.

పైవైపు గీత సంగతి ఎవరూ చెప్పరు. మనదేశంలో బీఎంఐ 23 దాటగానే బరువు ఎక్కువని చూస్తారు, ఎందుకంటే మనవాళ్ళకు తక్కువ బరువులోనే షుగర్ వచ్చే స్వభావం ఉంది. 150 సెం.మీ. ఎత్తుకు ఆ 23 అనేది దాదాపు 52 కిలోలు. అంటే 54 కిలోలున్న పొట్టి అమ్మాయి చూడటానికి "చిన్నపిల్లలా" ఉన్నా, లెక్క ప్రకారం సన్నం కాదు. పొట్టి వేరు, సన్నం వేరు. "పాపం చిన్న ప్రాణి, బాగా తినిపించండి" అని రెండు రకాలవాళ్ళకూ ఒకే సలహా ఇచ్చేస్తారు. అందుకే ముందు మీరు ఏ గీతకు ఎటువైపు ఉన్నారో చూసుకోండి.

రెండో పని: వారాల లెక్క సరిచేసుకోండి

మన ఇళ్ళలో "మూడో నెల పడింది" అంటే ఒక లెక్క, "మూడు నెలలు నిండాయి" అంటే ఇంకో లెక్క. రెండింటి మధ్య నాలుగు వారాల తేడా. డాక్టర్లు ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి వారాలు లెక్కపెడతారు. అందుకే నెల తప్పిన రోజుకే నాలుగు వారాలు అయిపోయినట్టు లెక్క. పదమూడో వారం దాటితే మూడు నెలలు నిండినట్టు. మీ తూకాల పుస్తకంలో వారం అంకె వేయండి, నెల వేయకండి. తొలి స్కానింగులో బిడ్డ పొడవును బట్టి తేదీ మారిస్తే మీ లెక్కా దానికి తగ్గట్టు మార్చుకోండి.

మూడో పని: ఎంత పెరగాలో మీ కొలతతో చూసుకోండి

తొలి మూడు నెలల్లో పెరగాల్సింది అర కిలో నుంచి రెండు కిలోల దాకానే. కొందరికి ఏమీ పెరగదు, వేవిళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళకు ఒకటి రెండు కిలోలు తగ్గుతుంది కూడా. పన్నెండో వారంలో బిడ్డ తల నుంచి పిర్రల దాకా అయిదారు సెంటీమీటర్లే ఉంటుంది. దాని బరువు తూకంలో తేలేంత కూడా ఉండదు.

మొత్తం తొమ్మిది నెలలకు ఎంతన్నదానికి రెండు రకాల అంకెలు వినబడతాయి. అమెరికాలో 2009లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ పెట్టిన లెక్క ప్రకారం బీఎంఐ 18.5 కంటే తక్కువ ఉన్నవాళ్ళు 12.5 నుంచి 18 కిలోలు, 18.5 నుంచి 25 లోపు ఉన్నవాళ్ళు 11.5 నుంచి 16 కిలోలు పెరగాలి. అక్కడున్న మన అమ్మాయిలకు డాక్టర్లు చెప్పే "25 నుంచి 35 పౌండ్లు" ఇదే. మన ప్రభుత్వ ఆరోగ్య సిబ్బందికి ఇచ్చిన మార్గదర్శకాల్లో మాత్రం 9 నుంచి 11 కిలోలు, మూడు నెలలు దాటాక నెలకు సుమారు రెండు కిలోలు అని ఉంటుంది. ఇక్కడి ఏఎన్ఎం (ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త) ఒకటి, డల్లాస్‌లో ఉన్న ఆడపడుచు ఒకటి చెబితే ఇద్దరిలో ఒకరు తప్పని అనుకోకండి. లెక్కలు వేరు.

పొట్టివాళ్ళ గురించి ఇందులో ఒక ముక్క ఉంది. 1990లో ఇదే అమెరికన్ సంస్థ 157 సెం.మీ. కంటే పొట్టివాళ్ళు తమ వరసలో కింది అంకె దగ్గర ఆగమని చెప్పింది. 2009లో ఆ షరతు తీసేశారు, ఇప్పుడు ఎత్తుతో పని లేకుండా బీఎంఐనే చూస్తారు. పాత పుస్తకాలు చదివినవాళ్ళు ఇప్పటికీ "పొట్టిదానివి, ఎక్కువ పెరగొద్దు" అంటారు. నా ఉద్దేశంలో 150 లోపున్న మనలాంటివాళ్ళు 16, 18 అన్న పై అంకెల వెంట పరుగెత్తనక్కర్లేదు, అలాగని కింది అంకెకు దిగువన ఉండిపోతే ఊరుకోకూడదు. మీకు సరిపడే అంకెను డాక్టరుతో ముందే మాట్లాడి పుస్తకం మొదటి పేజీలో రాయించుకోండి.

తూకాన్ని కిలోల్లో కాకుండా మీ ఒంటిలో ఎంత భాగమో చూడటం అలవాటు చేసుకోండి. ఒక కిలో పెరిగితే 65 కిలోల మనిషికి అది నూటికి ఒకటిన్నర. 41 కిలోల మనిషికి దాదాపు రెండున్నర. అందుకే మీ తోడికోడలికి కిలో పెరిగినా ఎవరికీ తెలియదు, మీకు కిలో పెరిగితే బుగ్గలు, నడుము, గాజులు అన్నీ చెప్పేస్తాయి.

తూకం వారానికి ఒకసారి చాలు. వాంతులు ఎక్కువగా ఉన్న రోజుల్లో రెండుసార్లు. రోజూ మిషన్ ఎక్కితే ముందురోజు తిన్న ఉప్పు, పోని విరేచనం, తాగిన నీళ్ళు చూసి ఏడవడమే మిగులుతుంది. నేను అదే చేశాను, తర్వాత మిషన్ తీసి అటక మీద పెట్టించాను.

నాలుగో పని: తూకం కదలకుండానే పొట్ట ఎందుకు కనబడుతోందో తెలుసుకోండి

ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి.

ఆరో వారంలో కనబడే పొట్ట బిడ్డది కాదు, గర్భసంచిది కూడా కాదు. గర్భసంచి అప్పటికి కటి ఎముకల లోపలే ఉంటుంది. పన్నెండో వారానికి పెద్ద బత్తాయంత అయి, పొత్తికడుపు కింద ఎముక పైకి అప్పుడప్పుడే తొంగిచూస్తుంది. పదహారో వారానికి బొడ్డుకూ ఆ ఎముకకూ సగం దారిలో ఉంటుంది, ఇరవయ్యో వారానికి బొడ్డు దగ్గరికి వస్తుంది. ఆరో వారంలో లంగా బొందు బిగిసిందంటే కారణం గ్యాసు.

గర్భం నిలిచాక ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ బాగా పెరుగుతుంది. గర్భసంచి ముడుచుకుపోకుండా దాన్ని వదులు చేయడం దాని పని. కానీ ఆ వదులు పేగులకూ పాకుతుంది. తిన్నది నిదానంగా కదులుతుంది, గ్యాసు నిలుస్తుంది, విరేచనం గట్టిపడుతుంది. పొడుగు మనిషికి ఈ ఉబ్బరం పైకీ కిందికీ సర్దుకోవడానికి చోటుంటుంది. మనకు నడుం పొట్టిది. నాకు ఆఖరి పక్కటెముక నుంచి తుంటి ఎముక దాకా నాలుగు వేళ్ళు మాత్రమే పడతాయి. అంత చిన్న చోట ఉబ్బరం వస్తే ముందుకు పొడుచుకురావడం తప్ప దారి లేదు. సన్నగా ఉన్నవాళ్ళకు పైన కొవ్వు పొర కూడా ఉండదు కాబట్టి ఉన్నదంతా బయటికి కనబడుతుంది.

నమ్మకం కుదరకపోతే టైలర్ టేపుతో బొడ్డు దగ్గర పొద్దున లేవగానే ఒకసారి, రాత్రి భోజనం అయ్యాక ఒకసారి కొలవండి. నాకు ఎనిమిదో వారంలో పొద్దున 64 సెంటీమీటర్లు, రాత్రికి 69. పొద్దున తగ్గి సాయంత్రానికి పెరిగేది ఉబ్బరం. పన్నెండు, పదమూడు వారాల తర్వాత పొద్దున లేచినా తగ్గకుండా, పొత్తికడుపు కింది భాగంలో కాస్త గట్టిగా తగిలేది గర్భసంచి.

తొలిచూలులో పొట్ట కండరాలు బిగువుగా ఉంటాయి, కాబట్టి అసలు పొట్ట చాలామందికి నాలుగో నెల దాటితే కానీ తేలదు. రెండోసారి ఆ కండరాలు వదులై ఉంటాయి, ముందే తేలుతుంది. కవలలా కాదా అన్నది పొట్ట చూసి చెప్పే ముచ్చట కాదు, స్కానింగులో తేలాల్సిందే.

ఉబ్బరానికి నాకు పనిచేసినవి: ఒకేసారి కడుపునిండా తినకపోవడం, తిన్నాక పావుగంట వాకిట్లో నడవడం, కొన్నాళ్ళు సెనగపప్పు, క్యాబేజీ తగ్గించి పెసరపప్పుకు మారడం, నీళ్ళు ఎక్కువ తాగడం. మలబద్ధకానికి దుకాణంలో దొరికే చూర్ణాలు సొంతంగా వాడకండి, డాక్టర్ని అడిగితే గర్భిణులకు పనికొచ్చేది రాస్తారు.

ఐదో పని: మిగతా మార్పులను గుర్తుపట్టండి

రొమ్ములు అన్నిటికంటే ముందు మారతాయి. నెల తప్పిన వారం నుంచే సలుపు, బరువు, జాకెట్టు తగిలినా నొప్పి. చనుమొన చుట్టూ నల్లబడుతుంది, అక్కడ చిన్న చిన్న పొక్కుల్లాంటివి తేలతాయి, సన్నటివాళ్ళకు చర్మం కింద నీలిరంగు నరాలు స్పష్టంగా కనబడతాయి. ఇవేవీ జబ్బు కాదు. చిన్న సైజు వాడేవాళ్ళకు కప్పు ముందు బిగుస్తుంది, చుట్టుకొలత తర్వాత. అందుకని తొలి నెలల్లోనే పెద్ద సైజులు కొనేయకండి. వెనక తగిలించుకునే హుక్కుల పట్టీ ఒకటి తక్కువ ధరకే దొరుకుతుంది, అది కొన్నాళ్ళు గడిపేస్తుంది.

మూత్రం మాటిమాటికీ వస్తుంది. మంట లేకపోతే మామూలే. మంట, చలిజ్వరం ఉంటే అది ఇన్‌ఫెక్షన్, వెంటనే చూపించుకోవాలి. తెల్లబట్ట కాస్త ఎక్కువవుతుంది, వాసన, దురద లేకపోతే భయం లేదు.

కళ్ళు తిరగడం మనలాంటివాళ్ళలో చాలామంది చెప్పే ఫిర్యాదు. గర్భం తొలి నెలల నుంచే రక్తనాళాలు వదులై బీపీ కొంచెం దిగుతుంది. ముందే బీపీ తక్కువగా ఉండే సన్నటి అమ్మాయి పూజగదిలో ఎక్కువసేపు నిలబడినా, బస్సులో చోటు దొరక్కపోయినా చెమటలు పట్టి కూలబడుతుంది. మంచం మీద నుంచి ఒక్కసారిగా లేవకుండా, కాసేపు కూర్చుని లేవాలి. ఉపవాసాలు ఈ మూడు నెలలు పక్కన పెట్టండి, దేవుడేమీ అనుకోడు. కళ్ళు తిరగడం తగ్గకపోతే హిమోగ్లోబిన్ చూడాలి. 11 కంటే తక్కువుంటే రక్తం తక్కువని అర్థం. సన్నటివాళ్ళు పాలిపోయి ఉంటే "దాని రంగే అంత" అని వదిలేస్తారు, అది తప్పు. బియ్యం, బలపం, మట్టి తినాలనిపించడం కూడా చాలాసార్లు ఐరన్ తక్కువై వచ్చేదే. సిగ్గుపడి దాచకుండా డాక్టరుకు చెప్పండి.

నిద్ర, నీరసం, చిరాకు, వాసనలు పడకపోవడం మీకు ఎలాగూ తెలిసిపోతాయి.

ఆరో పని: చిన్న కడుపుకు తగ్గట్టు తినండి

"ఇద్దరి కోసం తినాలి" అన్నమాట తొలి మూడు నెలలకు వర్తించదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి అదనంగా కావాల్సింది రోజుకు 350 కేలరీలు, అదీ నాలుగో నెల నుంచి. 350 అంటే ఇంచుమించు గ్లాసు పాలు, ఒక ఉడికించిన గుడ్డు, గుప్పెడు వేరుసెనగ గుళ్ళు. రెండో మనిషి భోజనం కాదు. అయితే బీఎంఐ 18.5 కంటే తక్కువున్నవాళ్ళు నాలుగో నెల కోసం ఆగకుండా, ఒంటికి పడితే ఇప్పుడే ఇవి మొదలుపెట్టొచ్చు.

అసలు చిక్కు ఎంత తినాలన్నది కాదు, తిన్నది ఎలా నిలబెట్టుకోవాలన్నది. వేవిళ్ళు ఐదారు వారాల్లో మొదలై, తొమ్మిదో వారం అటూ ఇటూ బాగా ముదిరి, పద్నాలుగు నుంచి పదహారు వారాల్లో చాలామందికి తగ్గుతాయి. ఖాళీ కడుపు వికారాన్ని పెంచుతుంది. చిన్న ఒంట్లో నిల్వలు తక్కువ కాబట్టి మనకు రెండు గంటలు దాటితే చాలు, వణుకు మొదలవుతుంది.

నా రోజు ఇలా గడిచేది. దిండు పక్కన డబ్బాలో మరమరాలు, లేచి కాలు కింద పెట్టకముందే రెండు గుప్పెళ్ళు. అరగంట తర్వాత ఒక ఇడ్లీ, ఒక్కటే. పది గంటలకు ఇంకో ఇడ్లీ లేదా చిన్న పెసరట్టు. మధ్యాహ్నం నాలుగు ముద్దల ముద్దపప్పన్నం నెయ్యి వేసుకుని, రెండు గంటలాగి పెరుగన్నం నాలుగు ముద్దలు. సాయంత్రం వేరుసెనగ చిక్కీ ముక్క లేదా ఒక సున్నుండ. సున్నుండను నేను మందులా చూసుకున్నాను. మినప్పప్పు, బెల్లం, నెయ్యి కలిసి అరచేతిలో పట్టే ముద్దలో అంత బలం ఉన్న వంటకం చిన్న కడుపుకు ఇంకోటి దొరకదు. రాత్రి ఉడికించిన గుడ్డు, చపాతీ. నీళ్ళు అన్నంతో కాకుండా మధ్యమధ్యలో, పల్చటి మజ్జిగగా, నిమ్మరసంగా. తాలింపు ఘుమఘుమలు పడకపోతే వంట ఇంకొకరికి అప్పగించండి. ఆ మూడు నెలలు మా ఆయన పోపు పెట్టడం నేర్చుకున్నారు, ఇప్పటికీ ఆవాలు మాడుస్తారు.

టీ, కాఫీ భోజనం వెంటనే తాగితే ఐరన్ ఒంటికి పట్టదు, గంట ఆగండి. రక్తం పడుతుందని కార్జం వండి పెట్టే ఇళ్ళున్నాయి. కార్జంలో విటమిన్ ఏ బాగా ఎక్కువ, తొలి నెలల్లో అది బిడ్డకు మంచిది కాదు, మానేయండి. మామూలు మాంసం, చేప బాగా ఉడికితే తినొచ్చు. పౌడర్ డబ్బాలు డాక్టరు చెబితేనే. వాటికి పెట్టే డబ్బుతో నెలకు సరిపడా గుడ్లు, పాలు వస్తాయి. అంగన్‌వాడీలో పేరు రాయించుకోవడానికి నామోషీ పడకండి. తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణికి ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అక్కడే పెడతారు. ఆంధ్రలోనూ అంగన్‌వాడీల ద్వారా పోషకాహారం అందుతుంది.

మాత్రల విషయం: తొలి మూడు నెలలు ఫోలిక్ యాసిడ్ తప్పనిసరి, డాక్టరు రాసిన మోతాదులోనే. ఐరన్, కాల్షియం మామూలుగా నాలుగో నెల నుంచి మొదలుపెడతారు. రెండూ ఒకేసారి మింగకూడదు, కనీసం రెండు గంటల తేడా ఉండాలి.

ఏడో పని: బరువు తగ్గుతుంటే ఎక్కడ ఆగాలో ముందే లెక్కవేసుకోండి

మొదటి తూకంలో నూటికి అయిదు వంతులు తగ్గితే అది మామూలు వేవిళ్ళు కాదు. 40 కిలోలకు అది రెండు కిలోలు, 45 కిలోలకు రెండుంపావు. 70 కిలోల అక్కకు రెండు కిలోలు తగ్గితే ఇంట్లో చూసుకోవచ్చు, మీకు అదే రెండు కిలోలు ఆసుపత్రికి వెళ్ళాల్సిన గుర్తు. "నాకూ తగ్గిందమ్మా, ఏం కాలేదు" అనేవాళ్ళు ఈ తేడా చూడరు. ఆ గీత అంకెను ఇప్పుడే పుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకోండి. నాది 39 దగ్గర ఉండేది.

తూకంతో సంబంధం లేకుండా వెంటనే బయల్దేరాల్సినవి కొన్ని ఉన్నాయి. రోజంతా నీళ్ళు కూడా నిలవకపోవడం, మూత్రం ముదురు రంగులో రావడం లేదా ఆరేడు గంటలు రాకపోవడం. రక్తం కనబడటం. పొత్తికడుపులో ఒక పక్కన పొడిచినట్టు నొప్పి, దానితో పాటు కళ్ళు బైర్లు కమ్మడం, భుజం నొప్పి. ఈ చివరిది గర్భం ట్యూబులో నిలిచినప్పుడు వచ్చే గుర్తు, గంటలు కూడా ఆగకూడదు. వాంతులు మరీ విపరీతమైతే కవలలా, థైరాయిడా, ముత్యాల గర్భమా (బిడ్డకు బదులు నీటి బుడగల గుత్తి లాంటిది పెరగడం) అన్నది స్కానింగ్, రక్తపరీక్షల్లో చూస్తారు. వాంతులకు గర్భంలో వాడే మాత్రలు ఉన్నాయి, ఓర్చుకోవడం గొప్పేమీ కాదు.

అటువైపు కూడా ఒక గీత ఉంది. ఒక నెలలో మూడు కిలోలు దాటి పెరిగితే డాక్టరుకు చెప్పాలి. అయిదో నెల దాటాక అయితే అది బీపీతో వచ్చే నీరు కావచ్చు, అందులోనూ మొహం, చేతులు ఉబ్బితే. ఈ తొలి నెలల్లో అయితే ఎక్కువగా తిండి మారడమే, వికారం తగ్గాలని రోజంతా బిస్కెట్లు, కూల్ డ్రింకులు తీసుకోవడమే కారణం. షుగర్ పరీక్ష మనదేశంలో మొదటిసారి చూపించుకున్నప్పుడే ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య ఇంకోసారి చేస్తారు. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళు తాగించి రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు. వాంతి చేసుకుంటే మళ్ళీ చేయాల్సి వస్తుంది, కాబట్టి వికారం తక్కువుండే పూట చూసుకుని వెళ్ళండి.

ఎనిమిదో పని: చెకప్‌లో చిన్న ఒంటికి సంబంధించి మూడు అడగండి

ఒకటి, బీపీ పట్టీ. మామూలు సైజు పట్టీ సన్నటి చేతికి పెద్దదవుతుంది, పట్టీ పెద్దదైతే బీపీ అసలుకన్నా తక్కువ చూపిస్తుంది. ఈ నెలల్లో దానివల్ల నష్టం లేకపోవచ్చు, కానీ ఏడో నెలలో బీపీ పెరిగినప్పుడు పోల్చడానికి ఈ అంకెలే ఆధారం. "చిన్న పట్టీ ఉందా అండీ?" అని అడగండి. మొదటిసారి నేనడిగితే నర్సు నవ్వింది, రెండోసారి తనే తెచ్చింది.

రెండు, బిడ్డకు డౌన్ సిండ్రోమ్ లాంటివి ఉండే అవకాశం ఎంతో అంచనా వేసే డబుల్ మార్కర్ పరీక్ష. పదకొండు నుంచి పద్నాలుగు వారాల మధ్య స్కానింగుతో పాటు చేసే ఈ రక్తపరీక్షలో మీ బరువు కూడా లెక్కలో పడుతుంది. చిన్న ఒంట్లో రక్తం తక్కువ, అందుకని హార్మోన్లు చిక్కగా కనబడతాయి. ల్యాబ్ కంప్యూటర్ దాన్ని బరువుతో సరిచేస్తుంది. ఫారం మీద అంచనాగా 50 అని రాసేస్తే రిపోర్టే మారిపోతుంది. ఆ రోజు తూచిన బరువే రాయించండి.

మూడు, ఎత్తు. 140 సెం.మీ. కంటే తక్కువుంటే ప్రభుత్వ లెక్కలో అది జాగ్రత్తగా చూడాల్సిన గర్భం. తల్లీబిడ్డల రక్షణ కార్డు మీద ఆ సంగతి రాయించి, కాన్పు పెద్ద ఆసుపత్రిలో జరిగేలా ముందే అనుకోవాలి. నాలుగో నెల నుంచి, ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉండే ఉచిత పరీక్షల రోజున డాక్టరుకు చూపించుకోవచ్చు.

అంతకంటే ఎత్తున్నవాళ్ళకు "పొట్టిదానివి, నార్మల్ అవదు" అని రెండో నెలలోనే తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు. పొట్టివాళ్ళకు ఆపరేషన్ అవకాశం కొంత ఎక్కువన్నది నిజం, కానీ బిడ్డ తల దారికి సరిపోతుందా లేదా అన్నది నొప్పుల సమయంలో తేలే సంగతి. మా ఆయన ఆరడుగులు, అందుకని బిడ్డ పెద్దదై ఇరుక్కుంటుందని నాకు ఒకటే భయం. 1938లో ఇంగ్లండ్‌లో వాల్టన్, హామండ్ అనే ఇద్దరు భారీ షైర్ గుర్రాలనూ పొట్టి షెట్లాండ్ గుర్రాలనూ కలిపి చూశారు. తండ్రి భారీ గుర్రమైనా, పొట్టి తల్లికి పుట్టిన పిల్ల తల్లి ఒంటికి తగ్గ సైజులోనే పుట్టింది. మనుషులు గుర్రాలు కారు, నాకు తెలుసు. కానీ ఆ సంగతి విన్న రాత్రి బాగా నిద్రపట్టింది.

తూకాల పుస్తకంలో నా పేజీ

ఐదో వారం 41. ఏడో వారం 40.6. తొమ్మిదో వారం 39.8, ఆ వారం మాత్రలు రాయించుకున్నాను. పదకొండో వారం 40.3. పదమూడో వారం 41.2. అంటే మూడు నెలలకు నేను పెరిగింది రెండు వందల గ్రాములు. డాక్టరు ఆ పేజీ చూసి, పద్నాలుగో వారం నుంచి వారానికి నాలుగు వందల గ్రాముల లెక్కన చూసుకోమని పక్కన పెన్నుతో రాసింది. ఇంటికి వచ్చేదారిలో ఐరన్ మాత్రలు కొనుక్కుని, రెండు జాకెట్లు టైలరుకిచ్చి లోపలి కుట్లు విప్పించుకున్నాను.